‘పో’ పక్కన ‘వద్దు’

పక్షవాతంతో పడిపోయిన కాలూ చెయ్యీ మళ్ళీ ఆడేలా చూడడం నా ఉద్యోగం. మాట నా పని కాదు. మాట పోయినవాళ్ళకి మాట నేర్పేవాళ్ళు వేరే ఉంటారని చదువుకునే రోజుల్లో మాకు చెప్పారు. తమిళనాడు ధర్మపురిలో నేను పనిచేసిన ఆసుపత్రిలో మాత్రం అలాంటి మనిషి ఎన్నడూ లేరు. అందుకని కాలు ఆడిస్తూ నాలుగు మాటలు పలికించే బాధ్యత కూడా నా మీదే పడింది. ఎలా పలికించాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. “మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది మేడం?” అని అడుగుతారు. మంచం మీద తెచ్చిన మనిషి నడిచి వెళ్ళిన కథ కావాలి వాళ్ళకి. అలాంటివి నా దగ్గర ఉన్నాయి, సంతోషంగానే చెబుతాను. దీన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్పడం నావల్ల కాదు. రాయడమే నయమనిపించింది.

నేను చెప్పబోయే అవ్వది పిక్కిలి అనే పల్లె. వయసు అరవైకి అటూ ఇటూ. మేకలు మేపుకొని బతికిన మనిషి. ఒక పొద్దున మేకల్ని విప్పుతూ విప్పుతూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. మా దగ్గరికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. తోడుగా ఆమె తమ్ముడి భార్య ఉండేది. ఇంకొకరు కూడా ఉన్నారు. నాలుగో తరగతి చదివే మనవరాలు. ఇంటి దగ్గర ఉండమంటే ఉండనని ఏడ్చి, వాళ్ళ వెంట బస్సెక్కి వచ్చేసింది.

ఆ పిల్ల తల్లి, అంటే ఈ అవ్వకి ఒక్కతే కూతురు, బిడ్డ నడక నేర్చే వయసులోనే జబ్బుచేసి చనిపోయింది. తండ్రి లారీ డ్రైవరు. మళ్ళీ పెళ్ళి చేసుకొని ఉత్తరాది రోడ్ల మీదే తిరుగుతుంటాడు. పిల్లని పెంచింది అవ్వే. అందరూ ఆ పిల్లని పాప అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను.

వాళ్ళింట్లో తెలుగు. మా ఇంట్లోనూ తెలుగే, నేను పుట్టిందీ పెరిగిందీ సోగత్తూరు. గడప దాటితే ఇద్దరికీ తమిళమే. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే మా నాన్న పట్టుదల వల్లే. అవ్వకి ఏ అక్షరాలూ రావు. పక్షవాతం వచ్చాక ఆమె తమిళం ఇంచుమించు తుడిచిపెట్టుకుపోయింది. తెలుగు మిగిలింది గానీ, ముక్కలు ముక్కలుగా మిగిలింది. నీళ్ళు, మేక, పాప, వద్దు, బడి, పో. ఇలాంటివే ఒక గుప్పెడు మాటలు. వాటిని ఒకదానికొకటి అతికించడం ఆమెకి చేతనయ్యేది కాదు. ‘నీళ్ళు’ అనేది. నీళ్ళు కావాలో, వద్దో, ఒలికిపోయాయో మనమే చూసుకోవాలి.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు, మంచివాడు. మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా తమిళంలో అడిగాడు. ఇవాళ ఏ వారం? ఇది ఏ ఊరు? మీకు పిల్లలెంతమంది?

“మేక... నీళ్ళు... అయ్యో... మేక,” అంది అవ్వ.

“మతి స్థిమితం లేదు మేడం,” అన్నాడు నాతో, బయటికి వచ్చాక.

మా వార్డు పెద్ద నర్సు వెనకనుంచి అందుకుంది. సర్వీసంతా ఆ వార్డులోనే గడిపిన మనిషి. “ఈ వార్డులో మతి సరిగా ఉండేది ఆ అవ్వకీ నాకూ ఇద్దరికే సార్. నాకైతే అది కూడా మధ్యాన్నం దాకానే.”

నాకెందుకో ఆ డాక్టరు మాట మింగుడుపడలేదు. కాలు ఎత్తమంటే ఆ మనిషి కాలు ఎత్తడానికి చూసేది. నేను పడిపోయిన చేతికి కట్టు వంకరగా కడితే ఎడమ చేత్తో సర్దుకునేది. మరునాడు డాక్టరు అక్కడే ఉండగా, మోకాలు వంచుతూ, మామూలు గొంతుతో అడిగాను.

“ఏం అవ్వా, నీ మేకలు దినానికి ఎన్ని గుడ్లు పెడతాయి?”

ఆమె నా ముఖంలోకి చూసింది. పడిపోని వైపు పెదవి మెల్లగా పైకి లేచింది. తరువాత నవ్వింది చూడండి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. “మేక... గుడ్డు!” అని ఎడమ చేత్తో నా భుజం మీద ఒకటి కొట్టి, నా వైపు వేలు చూపించి డాక్టరుతో, “పిచ్చి,” అంది.

డాక్టరు కూడా నవ్వాడు. “సరే మేడం, తెలివి ఉంది. ఒప్పుకుంటాను. కానీ ఆమె ఏమనుకుంటోందో మనకి ఎట్ల తెలుస్తుంది?”

“నాకి తెలుస్తాది సార్,” అంది పాప, మంచం కింద బిస్కట్ల పొట్లం వెతుక్కుంటూ.

ఆ రోజునుంచి అవ్వకి నోరు పాప అయింది. నా గదిలో నడక నేర్చుకోవడానికి రెండు ఇనప కమ్మీలు ఉండేవి. అవ్వ ఎడమ చేత్తో ఒక కమ్మీ పట్టుకుని నిలబడేది, పాప ఎదురుగా బల్ల మీద కూర్చుని పాఠం చెప్పేది. వాళ్ళ బళ్ళో టీచరు ఎలా మాట్లాడుతుందో అచ్చం అలాగే, తెలుగులోకి తమిళం కలిపి.

“పేసు అవ్వా, బాగా మాట్లాడు. నీళ్ళు ఇయ్యి అను.”

“నీళ్ళు... ఇ... నీళ్ళు.”

“ముక్క ముక్కగా చెప్తే మార్కు లేదు. ముళుసా చెప్పల్ల. నీళ్ళు, ఇయ్యి.”

“నీళ్ళు,” అనేది అవ్వ తలవంచుకొని. చెమట కారేది. కాలు ఎత్తడానికి పడ్డ కష్టం కంటే ‘ఇయ్యి’ అనడానికి పడే కష్టం ఎక్కువని నేను కళ్ళారా చూశాను.

అన్ని మాటల్లోకి ఎక్కువసార్లు ఆమె నోటినుంచి వచ్చినవి మూడు. “పాప... మేక... వద్దు.” పొద్దున నన్ను చూడగానే అనేది, సాయంత్రం మరదల్ని పట్టుకుని అనేది. అంటూ మా ముఖాలు వెతికేది. మాకు తెలియక పాప వైపు చూసేవాళ్ళం.

“మేకల్ని అమ్మొద్దంటా ఉండాది,” అనేది పాప. “నన్ను యాడికీ పంపొద్దంటా ఉండాది.”

మేమంతా నమ్మాం. నమ్మకపోవడానికి ఏముంది? వినడానికి సరిగ్గా సరిపోయింది.

ఈలోగా పాప మేనత్త వచ్చింది. లారీ డ్రైవరుకి అక్క. ఏ. పళ్లిపట్టి అనే ఊరి వైపు ఒక బళ్ళో టీచరు. మడత నలగని నూలు చీర, చేతిలో పళ్ళ సంచి, గోళ్ళకి సుద్దముక్క పొడి. ఆమె పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. తమ్ముడు ఫోన్ చేసి, పాపని నువ్వే తీసుకుపో అక్కా అన్నాడట. ఆమెకి ఆ మాట చాలలేదు. పెంచిన మనిషిని ఒక మాట అడగకుండా తీసుకుపోవడం ధర్మం కాదని తనే వచ్చింది. అందుకే ఇప్పటికీ ఆమె మీద నాకు గౌరవం.

ఆమె వచ్చిన రోజు వరండాలో ఒక తమాషా జరిగింది. మగవాళ్ళ వార్డులో రిటైరైన గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయనకీ పక్షవాతమే, అయితే అది మెదడులో వేరే చోట దెబ్బ తీసింది. కాలూ చెయ్యీ బాగున్నాయి. మాటా ధారగా వచ్చేది, చక్కటి తమిళం, ఎక్కడా తడబాటు లేదు. అర్థం మాత్రం ఉండేది కాదు. తెల్ల పంచె కట్టుకుని వరండాలో కూర్చున్న ఆయన్ని ఈమె నా గది ఎటువైపని అడిగింది. ఆయన లేచి నిలబడి దండం పెట్టి, “తప్పకుండా చెబుతానమ్మా. నిన్న ఆ కిటికీని పనిలో పెట్టుకున్నాక మెట్లన్నీ ఎంతో మర్యాదగా ఉంటున్నాయి. మీరు ఏ సంకోచమూ లేకుండా ఉడకబెట్టుకోవచ్చు,” అన్నాడట.

ఆమె నా గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. “బయట ఒక పెద్దాయన ఎంత బాగా మాట్లాడతా ఉండాడో మేడం. నాకే ఏదో ధ్యాస లేదు, ఏం చెప్పినాడో పట్టుకోలేకపోయినాను.”

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పది నిమిషాలు అవ్వ దగ్గర కూర్చుని తిరిగి వచ్చాక ఆమె అన్న మాటకి ఆ నవ్వు కూడా పోయింది.

“పాపం, పెద్దామెకి బుద్ధి పోయిండాది.”

“లేదు టీచర్. అన్నీ తెలుస్తాయి ఆమెకి.”

“ఎట్ల మేడం? రెండు మాటలు కలిపి చెప్పలేకపోతా ఉండాదే. నేను ఇన్నేళ్ళుగా పిల్లోళ్ళ కాగితాలు దిద్దతా ఉండాను. వాక్యం చూస్తే చాలు, ఆ పిల్లోడి బుర్ర ఎట్లుంటాదో చెప్తాను. వాక్యమే కట్టుకోలేని మనిషి ఆలోచన ఎట్ల కట్టుకొంటాది?”

“మరి వరండాలో పెద్దాయన?” అని ఆయన సంగతి చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి వరండాలోకి ఒకసారి చూసి వచ్చింది. మూర్ఖురాలు కాదు ఆమె. ఆయన మాట అర్థం కాకపోతే తప్పు తనలో ఉందనుకుంది. అవ్వ మాట అర్థం కాకపోతే తప్పు అవ్వలో ఉందనుకుంది. ఎందుకలా అనుకుందో నేను విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

చివరికి, “సరే. ఆమెనే అడుగుదాం,” అంది. “ఇంటికి పంపించే రోజు వస్తాను. మీరు కూడా ఉండండి. ఆమె వద్దంటే నేను పాపని తీసకపోను.”

ఆ మాట పాపకి నేనే చెప్పాను. పాప ఆనందం చూడాల్సింది. ఆ సాయంత్రమంతా అవ్వ మంచం చుట్టూ గంతులేసింది. “అవ్వా, నువ్వు వద్దంటే చాలు. వద్దు! అంతే. అది నీకి వస్తాది కదా!”

అవ్వ పాప తల నిమిరింది.

ఇంటికి పంపే రోజు వచ్చింది. నా గదిలోనే కూర్చున్నాం. అవ్వ కమ్మీల మధ్య కుర్చీలో, పాప ఆమె మోకాళ్ళని ఆనుకుని. మరదలు మూటా ముల్లె సర్దుకుని గుమ్మం దగ్గర. పెద్ద నర్సు పని ఉన్నట్టు వచ్చి అక్కడే ఆగిపోయింది. టీచరమ్మ కుర్చీ లాక్కుని అవ్వకి ఎదురుగా కూర్చుంది. ఎలా మాట్లాడాలో నేను ముందే చెప్పాను. ఆమె అలాగే మెల్లగా, చిన్న చిన్న మాటలతో అడిగింది.

“అమ్మా, పాపని నేను మా ఊరికి తీసకపోతాను. చదివిస్తాను. మా ఇంట్లో బిడ్డ మాదిరి ఉంటాది. మీకు ఇష్టమేనా?”

అవ్వ ఊపిరి తీసుకుంది. “పాప... మేక... వద్దు.”

“చూసినారా!” పాప ఎగిరి లేచింది. “వద్దంటా ఉండాది! నన్ను పంపొద్దంటా ఉండాది!”

నేను కూడా ఊరుకోలేదు. ఇన్నాళ్ళూ ఆమె తరఫున వాదించినదాన్ని కదా, గెలిచినట్టే అనిపించింది. “చెప్పింది కదా టీచర్,” అన్నాను. “ఆమెకి ఇష్టం లేదు. ముక్కలుగా చెప్పినా అది ఆమె మాటే.”

టీచరమ్మ తల ఊపింది. లేవబోయింది కూడా.

ఠంగుమని శబ్దం. అవ్వ ఎడమ చేత్తో ఇనప కమ్మీని కొట్టింది.

“కాదు!”

ఆ మాట ఆమె నోట అంతకుముందు మేమెవరం వినలేదు. “కాదు. కాదు.” మెడ నరాలు ఉబ్బాయి. ఒక్కో మాటకి ఆగి, ఒక్కో మాటకి మా ముఖాలు చూసి, చెప్పింది. “పాప... మేక... వద్దు.” చెయ్యి బయటికి, ఎక్కడో ఉన్న మేకల వైపు చూపించి అడ్డంగా ఊపింది. తరువాత టీచరమ్మ వైపు చూపించింది. “పాప... బడి. పో.”

ఇన్ని రోజులూ, పొద్దునా సాయంత్రమూ, ఆమె అంటూ వచ్చింది ఇదే. పాపకి మేకలు వద్దు. తను పడిపోయాక మేకల వెంట తిరగాల్సింది ఆ పిల్లేనని ఆ మనిషికి మొదటి రోజునుంచీ తెలుసు. మాకెవరికీ తట్టని సంగతి అది.

పాప ముఖం పాలిపోయింది. అవ్వ చుబుకం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“తప్పు అవ్వా. తప్పు చెప్తా ఉండావు. ‘పో’ కాదు. ‘పోవద్దు’ అను. నాతో చెప్పు. పో... వద్దు.”

“పో,” అంది అవ్వ.

“ముక్క వదిలిపెడ్తా ఉండావు అవ్వా! కడాన వద్దు అనల్ల. పోవద్దు. ఒక్కసారి అవ్వా. మార్కు ఇస్తాను. పోవద్దు.”

“పో.”

పాప నా వైపు తిరిగింది. “మేడం, మీరు చెప్పండి. అవ్వకి వాక్యం రాదు కదా. వద్దు అనేది రాలే అవ్వకి. మీకి తెలుసు కదా మేడం!”

వద్దు అనే మాట అవ్వకి వస్తుంది. నిమిషం కిందటే వచ్చింది. అది పాపకీ తెలుసు. అవ్వ ఎడమ చెయ్యి పాప రొమ్ము మీద వేసి టీచరమ్మ వైపు తోసింది. అంతవరకే చూడగలిగాను. కిటికీ వైపు తిరిగిపోయాను. వెనక కుర్చీ జరిగిన చప్పుడు, మరదలి ఏడుపు, టీచరమ్మ గొంతు వినిపించాయి. “అర్థమయిందమ్మా. నాకి అర్థమయింది. బాగా చూసుకొంటాను.” నేను ఇటు తిరిగేసరికి పాప గుమ్మం దాటింది. అవ్వ తన ఒళ్ళో చెయ్యి పెట్టుకుని దాన్నే చూసుకుంటోంది.

వ్యాకరణం బాగుంటే తెలివి ఉన్నట్టేనా అని ఈ కాలం పిల్లలు నన్ను అడిగితే, కాదు అని చెప్పడం తేలిక. గుమాస్తాగారిని చూపిస్తే సరిపోతుంది. కానీ ఆ టీచరమ్మని పూర్తిగా తీసిపారేయలేను. అవ్వ మనసులో వాక్యం నిండుగానే ఉంది. పాప‘కి’ అనడానికి ఉండే ఆ చిన్న ‘కి’ ఆమె దగ్గర లేదు, అంతే. అది లేకపోయేసరికి ఎవరికి కావలసింది వాళ్ళం అతికించుకున్నాం. పాప తన భయాన్ని అతికించింది. నేను నా జాలిని అతికించాను. తెలివి లేదన్నవాళ్ళూ ఆమె మాట వినలేదు. ఉందని వాదించినదాన్ని నేనూ వినలేదు.

అవ్వ తరువాత కొన్నిసార్లు చూపించుకోవడానికి వచ్చింది. కర్ర పట్టుకుని నడిచేది. మాటలు రెండో మూడో పెరిగాయి. “పాప వచ్చిందా అవ్వా?” అంటే తల అడ్డంగా ఊపేది. టీచరమ్మ తీసుకొస్తానంటే పాపే రానందట. సెలవులకీ రాలేదు. పండక్కీ రాలేదు. అవ్వ నన్ను ఆ విషయంలో ఓదార్చనిచ్చేది కాదు. కాలు ముందుకి చాపి, ‘ఊఁ’ అనేది, పని చెయ్యమన్నట్టు.

రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు మా దాకా తీసుకురాలేకపోయారు. మరదలు వేరే పనిమీద ఆసుపత్రికి వచ్చి, నా గది గుమ్మంలో నిలబడి చెప్పింది. “వదిన పోయింది మేడం. పాపని పిలిపించినాం. వచ్చింది. ఏడవలే. ఆ పిల్ల కండ్లలో ఒక్క చుక్క లేదు.”

పెద్ద నర్సు రిటైరైంది. ఆ తరువాత నేనూ రిటైరయ్యాను. ఈ మధ్య ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఒక అమ్మాయి నిలబడింది. కాలేజీ పిల్ల. నేను గుర్తుపట్టలేదు. ‘పిక్కిలి అవ్వ పేత్తి’ని, అంటే మనవరాలినని తమిళంలో చెప్పాక లోపలికి పిలిచాను. తెలుగు మాటల కోసం మొదట కాస్త వెతుక్కుంది. ఆ ఇంట్లో బాగానే పెరిగినట్టుంది, మనిషిలో ఒక ధైర్యం ఉంది. కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది.

“మేడం, ఒకటి అడగల్ల. పక్షవాతం వచ్చినోళ్ళ చెయ్యి దాని పాటికి అదే బిగుసుకొంటాదా? ఏమన్నా చేతిలోకి వస్తే పట్టుకొని వదల్దా?”

“అవునమ్మా. కొందరికి అట్ల అవుతాది. వాళ్ళు వదలాలనుకొన్నా వదల్లేరు.”

“ఆ దినం అవ్వ నన్ను తోసింది కదా. మీరు కిటికీ పక్కకి తిరుక్కొన్నారు. మీరు చూడలే.” ఆమె తన చొక్కా ముందు భాగాన్ని పిడికిలిలోకి తీసుకుని చూపించింది. “తోస్తా ఉండాది. కానీ నా గౌను ఇట్ల పట్టుకొనే ఉండాది. అత్త కింద కూర్చొని ఒక్కో వేలూ విడదీసింది. అత్త ఎవరికీ చెప్పలే, నేనూ చెప్పలే. అది జబ్బు వల్లనేనని పక్కింటి నర్సక్క చెప్పింది. ఇన్నేండ్లు నేనూ అదే అనుకొంటా ఉండాను.”

“ఏ చెయ్యమ్మా?” అని అడిగాను. అడుగుతుండగానే నాకు జవాబు తెలుసు. కమ్మీని కొట్టిన చెయ్యి, పాపని తోసిన చెయ్యి.

“ఇది,” అని ఎడమ చెయ్యి ఎత్తింది.

నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

“అవ్వకి పడిపోయింది కుడి చెయ్యమ్మా,” అన్నాను. “ఎడమ చేతికి ఏ జబ్బూ లేదు.”

ఆ పిల్ల పిడికిలి ఇంకా చొక్కా మీదే ఉంది. తల నా భుజం మీద వాలింది. అవ్వ పోయిన రోజు ఏడవని పిల్ల, ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఏడ్చింది.